అత్తగారి పిలుపు

జూన్ 3, సోమవారం

అత్తగారు బాత్‌రూమ్‌లో జారిపడ్డారు. ఇరవై నిమిషాలు పిలిచారట. నేను పక్క గదిలోనే పేపర్ చదువుతున్నాను. రెండు చెవులకీ మిషన్లు ఉన్నాయి. వినపడలేదు.

ఎముక విరగలేదు. మోచెయ్యి కమిలింది.

సాయంత్రం బావమరిది ఫోన్. పక్కింటావిడను కూర్చోబెట్టుకుని మాట్లాడాను. అతని మాటలు ఆవిడ నా చెవిలో గట్టిగా చెప్పింది. అమ్మకి చూపు లేదు, నీకు వినికిడి లేదు, అక్క ఉన్నన్నాళ్లూ ఎలాగో నడిచింది బావా, ఇక నడవదు అన్నాడు. పదహారున వచ్చి తీసుకెళ్తాడట. తీసుకెళ్లి వృద్ధాశ్రమంలో చేరుస్తాడట. మొగుడూ పెళ్లాలిద్దరూ ఉద్యోగాలు. తప్పు పట్టలేను.

అత్తగారు రాత్రి కంచంలో సగం వదిలేశారు.

జూన్ 4

మిషన్లు నా భార్య కొన్నది. ఆన్‌లైన్‌లో, ఎక్కడో దూరపు కంపెనీ. మనిషి రాడు. ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే అక్కడి నుంచే సెట్ చేస్తారు. వాళ్లతో మాటలన్నీ ఆమే మాట్లాడింది. ఆమె పోయి ఏడు నెలలు. అప్పటినుంచే ఇవీ పని మానేశాయి.

మూడు షాపులు తిరిగాను. మొదటి ఆయన ఎంగిలి చెంచాను చూసినట్టు చూశాడు. మా దగ్గర కొన్నవి కావు, ముట్టుకోం అన్నాడు. రెండో చోటా అదే పాట. మూడో ఆయన, పెళ్లి ఒకచోట, కాపురం ఇంకోచోట అంటే ఎలా సార్ అన్నాడు. రెండుసార్లు చెప్పించుకుని నవ్వాను.

జూన్ 6

కంపెనీకి ఈమెయిల్ రాశాను. కొరియర్‌లో పంపండి, నాలుగు వారాల్లో చూసి పంపుతాం అని జవాబు. నాకున్నది పది రోజులు. మళ్లీ రాశాను.

జూన్ 8

ఐదో ఈమెయిల్.

జూన్ 10

ప్రభుత్వాసుపత్రిలో వినికిడి పరీక్షించే ఆడియాలజిస్ట్ ఉన్నారని పక్కింటావిడ చెప్పింది. రెండున్నర గంటలు క్యూ. ఎవరు అమ్మితే నాకేంటండీ, చెవులు ఈ ఊరివేగా అన్నారా డాక్టరమ్మ. ముందు చెవులు పరీక్షించారు. మిషన్ సెట్టింగ్స్‌కి మాత్రం తాళం ఉందట. కంపెనీ తియ్యాలి. ఏమని అడగాలో చీటీ మీద రాసిచ్చారు. పొల్లుపోకుండా పంపాను.

జూన్ 11, సాయంత్రం 5

తాళం తీశారు.

జూన్ 12

మళ్లీ ఆసుపత్రికి వెళ్లాను. మిషన్లకి జబ్బేమీ లేదు. నా చెవులకి కావలసిన దాంట్లో సగం శబ్దమే వస్తోందట. ఇంత తక్కువకి ఎవరు ఒప్పుకున్నారని అడిగారు.

నేనే.

సెట్ చేసిన రోజు, ఇంట్లోవాళ్లు ఎవరైనా మామూలుగా మాట్లాడండి, ఆయనకి సరిపోయిందో లేదో చెప్పమనండి అన్నారు కంపెనీ వాళ్లు. నా భార్య మాట్లాడింది. పదకొండేళ్లుగా నాతో అరిచి అరిచి, అదే ఆమె మామూలు గొంతు అయిపోయింది. చెవులు పగిలిపోతున్నాయి, తగ్గించమన్నాను. మూడుసార్లు తగ్గించారు. ఆమె గొంతుకి సరిగ్గా సరిపోయాయి. అత్తగారిది చిన్న గొంతు. అప్పుడు ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఆవిడ పిలిస్తే పలకడానికి నా భార్య ఉండేది.

మార్చనా అని డాక్టరమ్మ అడిగారు. ఒక్క నిమిషం ఆగమన్నాను. పాత సెట్టింగ్ కూడా ఉంచుకోవచ్చా అని అడగబోయాను. అడగలేదు. మార్చండి అన్నాను.

బయట బస్సు బ్రేకు వేస్తే ఉలిక్కిపడ్డాను.

జూన్ 16, ఆదివారం

బావమరిది వచ్చాడు. ఎంత చెప్పినా నమ్మడు. నన్ను వంటింట్లో నిలబెట్టి, వాళ్లమ్మ గది తలుపు దగ్గరగా వేసి, ఏదో ఒకటి చెప్పమ్మా అన్నాడట.

ఆవిడ గొంతు పెంచలేదు. అల్లుడూ, వీడు వచ్చిన దగ్గర్నుంచి నా బట్టలు సర్దుతూనే ఉన్నాడు, కాసిని మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టవయ్యా అన్నారు.

నీళ్లు తీసుకెళ్లి వాడి చేతికిచ్చాను. గ్లాసు వైపు చూశాడు, నా వైపు చూశాడు. తాగాడు. సర్దిన సంచీ తనే విప్పాడు. మూడు నెలలు చూద్దాం బావా అన్నాడు.

చాలు.

జూన్ 17, ఉదయం 6

అత్తగారు గదిలో కూతురితో మాట్లాడుతున్నారు. రోజూ మాట్లాడతారు కాబోలు. నాకివాళే తెలిసింది. నీ మొగుడికి ఇప్పుడన్నీ వినపడుతున్నాయే, ఇక మనం మెల్లగా మాట్లాడుకోవాలి అంటున్నారు.

మిషన్లు తీసేశాను. ఆవిడ నాకు కనపడేలా గుమ్మంలో కూర్చున్నాను.