నోటికొచ్చిన కార్డు

నవంబరు 3, కోదాడ

కబడ్డీ కోచ్ వెంకన్న సార్ నా కళ్లద్దాల షాపుకొచ్చాడు. అద్దాలకనుకుని నాలుగు ఫ్రేములు ముందు పెట్టాను. వాటివైపు చూడనే లేదు. ఏదో వీడియోలో చూశాడట, ఆటగాళ్ల తలకి దెబ్బ తగిలితే కళ్ల పరీక్షతో పట్టేస్తారట. మీరు కండ్ల సదువే సదివిండ్రు గదా మేడం, మా ఆడపిల్లల టీముకు జర చేసిపెట్టుండ్రి అన్నాడు.

కాలేజీలో ఈ పరీక్ష గురించి ఒక పేజీ చదివిన గుర్తు. కార్డు మీద అంకెలు చిందరవందరగా ఉంటాయి. లైను తర్వాత లైను గట్టిగా చదవాలి. తల అదిరితే కళ్లు ఒక అంకె మీంచి ఇంకో అంకె మీదికి సరిగ్గా గెంతలేవట. అందుకని ముందే ఒకసారి చదివించి టైము రాసి పెట్టుకోవాలి. దెబ్బ తగిలాక మళ్లీ చదివించాలి. ఎక్కువసేపు పట్టినా తప్పులొచ్చినా అనుమానించాలి.

మెదడుకి తగిలిన దెబ్బని అంకెలతో పట్టడం. సరదాగా ఉంది. ఒప్పుకున్నాను.

నవంబరు 6

అట్టముక్క మీద అంకెలు రాసి కార్డు చేసుకుని, గ్రౌండు పక్క గదిలో టీము మొత్తం చేతా చదివించి టైములు రాసుకున్నాను. ఒకమ్మాయి చదువుతుంటే మిగతావాళ్లు వెనక నిలబడి ఒకటే కిచకిచలు.

నడిగూడెం దగ్గర తండా నుంచి వచ్చే సరిత ఈ టీముకి పెద్ద దిక్కట. బక్కగా ఉంటుంది, నోరు విప్పదు. కార్డు చేతికివ్వగానే టూ ఫైవ్ ఏట్ జీరో సెవెన్ అని మొదలుపెట్టి ఒక్క ఊపిరిలో అడుగు దాకా వెళ్లిపోయింది. మధ్యలో ఊపిరి తీసుకోవచ్చమ్మా అన్నాను. ఊపిరి ఇడిస్తే అవుట్ గదా మేడం అంది. అందరూ నవ్వారు. కూతకి వెళ్లి వెళ్లి అలవాటైపోయినట్టుంది పాపం.

నవంబరు 9, మిర్యాలగూడ

ఇంటికొచ్చాను. వడ్ల సీజను కదా, నాన్న రైసుమిల్లు ముందు లారీల లైను ఊరవతల దాకా ఉంది. నాన్నని కూర్చోబెట్టి కార్డు చదివించాను. ఆయన ఒక్కో అంకె చదవడే! నాలుగేసి కలిపి క్వింటాలు రేటు చేస్తాడు. రెండువేల ఐదువందల ఎనభై, పర్వాలేదు అంటాడు. కింది లైనుకి రాగానే మొహం మాడ్చుకుని, గీ రేటుకు ఎవడిస్తడు వడ్లు అన్నాడు. పరీక్ష అక్కడితో ఖతం.

ఈయన తలకి దెబ్బ తగిలితే ఎలా కనిపెట్టాలో నాకు తెలియదు.

నవంబరు 11

కార్డు నేనే చదివి చూసుకున్నాను. టీకి ముందు ఒక టైము, టీ తాగాక ఇంకో టైము. నా తలకి ఏ దెబ్బా తగల్లేదు.

నవంబరు 13

షాపుకొచ్చినవాళ్లనెవరినీ వదలడం లేదు. బస్సు కండక్టర్ చదివాడు, టీచరమ్మ చదివింది, సంతకం కూడా తడుముకుంటూ పెట్టే కాటయ్య తాత అంకెలు మాత్రం గడగడా చదివాడు. ఒకటి గమనించాను. రెండోసారి అందరూ మొదటిసారి కంటే వేగంగా చదువుతున్నారు. అంతలోకే కళ్లు బాగుపడవు కదా. ఎందుకో ఆలోచించాలి.

నవంబరు 16, మిర్యాలగూడ

మా ఊళ్లోనే టోర్నమెంటు. చూద్దామని వెళ్లాను, చూడకుండా ఉండాల్సింది.

సరిత కూతకెళ్లి తిరిగొస్తుంటే అవతలి పిల్ల కాలు పట్టింది. పడేటప్పుడు ఇంకో పిల్ల మోకాలు సరితకి కణత మీద తగిలింది. చప్పుడు నా దాకా వినబడింది. లేచి కూర్చుంది. లేచాక వెంకన్న సార్‌ని అడిగిన మొదటి మాట, మన దిక్కు ఏది సార్ అని.

దవాఖానకి తీసుకెళ్లాం. స్కానింగులో ఏమీ లేదన్నారు. స్కాను బాగున్నంత మాత్రాన తల బాగున్నట్టు కాదు, ఆట బంద్ పెట్టి వారానికి మళ్లీ చూపించమన్నాడు డాక్టరు. వారానికి, అంటే ఇరవై మూడున, సూర్యాపేటలో జూనియర్ సెలక్షన్లు. సరితకి ఇదే ఆఖరి ఏడాది. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. బయటికొచ్చాక వెంకన్న సార్, మీ కార్డు ఉంది గదా మేడం అన్నాడు.

నవంబరు 20, కోదాడ

సరిత వచ్చింది. కార్డిచ్చాను. మళ్లీ అదే ఒక్క ఊపిరి. మొదటిసారి కంటే వేగంగా చదివింది, ఒక్క తప్పూ లేదు. స్టాప్‌వాచ్ వంక చూసి నేనే చప్పట్లు కొట్టాను. బాగానే ఉంది అని వెంకన్న సార్‌కి మెసేజ్ పెట్టాను. రెండు చేతులు జోడించిన బొమ్మలు ఒక వరస పంపాడు.

వెళ్లేముందు ట్యూబులైటు జర బంద్ చెయ్యరా మేడం అని అడిగింది. కరెంటు బిల్లు నాదిలే అని నవ్వాను.

నవంబరు 22, సాయంత్రం 5

సరిత వాళ్ల తండాలో ఉన్నాను.

సరిత వాళ్లమ్మ పద్మ మా షాపులో చేయించుకున్న కళ్లద్దాలు తయారయ్యాయి. ఇచ్చేసి, అలాగే ఊరు కూడా చూసొద్దామని బయల్దేరాను. రోడ్డు సగం వడ్లు ఆరబోశారు, ఆటో నత్తనడక. తండా మొదట్లో చిన్న పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. ఒక పిల్ల కూతకెళ్తూ అంకెలు చదువుతోంది. ఎవరిదో ఫోన్ నంబరనుకున్నాను. తమాషాగా అనిపించి ఆటో ఆపించాను. నంబరు అయిపోవడం లేదు. టూ ఫైవ్ ఏట్ జీరో సెవెన్.

అది నా కార్డు. మొదటి లైను, రెండో లైను, అడుగు దాకా. ఆ పిల్ల ఏ కార్డూ చూడటం లేదు, ఎదుటివాళ్ల కాళ్లకేసి చూస్తోంది. అలా చూస్తూనే ఒక్క తప్పు లేకుండా చదివేస్తోంది.

ఎవరు నేర్పారని అడిగాను. సరితక్క అట. టీములో అందరూ ప్రాక్టీసులో ఇదే కూత పెడుతున్నారట. కబడ్డీ కబడ్డీ అని అని బోరు కొట్టిందట.

ఒకే గదిలో, ఒకే కార్డు, అందరి చేతా గట్టిగా చదివించింది ఎవరు? నేనే. ఇంత తెలివి నాకు ఎక్కడిదో!

సాయంత్రం 6.30

సరితని అడిగాను. దాచలేదు. కార్డు సూడంగనే నోట్లకెల్లి అదే ఒచ్చింది మేడం, నేనేం జెయ్యాలె అంది. మరి ఆ రోజు కార్డు మీద ఏం కనబడిందంటే, అంకెలు చీమల్లెక్క తిరిగినయి అంది. ముందే ఎందుకు చెప్పలేదు అన్నాను. అమ్మ లెక్క తనకు కూడా అద్దాలు పడతాయేమో, అద్దాలుంటే టీములోకి తీసుకోరేమో అని భయపడిందట. దెబ్బ వల్ల అనుకోనే లేదట.

అదే తండాలో ఉండే యమునని పిలిచాను. టీములోదే, ఆ రోజు సరితతో సమానంగా చదివింది. ఇద్దరినీ విడివిడిగా, నా బ్యాగులో ఉన్న అదే కార్డు చివరినుంచి మొదటికి చదవమన్నాను. యమున కొంచెం తడబడి చదివేసింది. సరిత రెండో లైనులోనే దారి తప్పింది. ఒకే అంకె రెండుసార్లు చదివింది, ఒక లైను వదిలేసింది, ఆ తర్వాత నుదురు పట్టుకుని కూర్చుంది. ఈసారి నేను వాచీ చూడలేదు, ఆమె కళ్లే చూశాను. అంకె దాటి ముందుకెళ్లి వెనక్కొస్తున్నాయి. మొన్న కూడా ఇలాగే చేసి ఉంటాయి. నాకెదురుగానే. ట్యూబులైటు బంద్ చెయ్యమన్నది కూడా వెలుతురు పడకే.

వెంకన్న సార్‌కి ఫోన్ చేశాను. పరుగు బాగున్నది, తిండి బాగున్నది, ఎట్ల ఆపుతరు మేడం అన్నాడు. మొదటి దెబ్బ మానక ముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణం మీదికొస్తుందని చెప్పాను. మొన్న బాగుందన్నరు, ఇయ్యాల బాగలేదంటరు, మీ పరీక్షల ఏది నమ్మాలె అన్నాడు. కోపంగా కాదు, తెలుసుకోవాలనే అడిగాడు. కార్డుని నమ్మొద్దు సార్, రేపు డాక్టరు చూసేదాకా ఆడించకండి అన్నాను.

నవంబరు 23, సూర్యాపేట

పొద్దున్నే ఇక్కడి దవాఖానలో చూపిస్తే డాక్టరు వద్దన్నాడు. ఇంకా కొన్ని వారాలు ఆట మాటే ఎత్తొద్దట. సెలక్షన్లలో సరిత బదులు యమున కూతకెళ్లింది. సరిత టీషర్టు వేసుకునే వచ్చింది, గీత అవతల కూర్చుంది. చున్నీ కళ్ల మీదికి లాక్కుంది. ఎండకో, ఏడుపుకో తెలియలేదు. తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా వెనక్కి వెళ్లి కూర్చుంది.

నేను చేసింది తప్పు కాదు. అయినా చాలా బాధగా ఉంది. మొన్నటి నా చప్పట్లు నాకే వినబడుతున్నాయి.

నవంబరు 27

కొత్త కార్డులు రాస్తున్నాను. ఇక ఒక్కొక్కరినీ విడిగా, తలుపేసి, ప్రతిసారీ వేరే కార్డుతో. అయితే వేరే కార్డయితే పాత టైముతో ఎలా పోల్చాలి? అదే కార్డయితే నోటికొస్తుంది. ఏ దారీ సరిగ్గా లేదు. నాన్నకి ఫోన్ చేసి మొరపెట్టుకుంటే, రాసేదేదో రేట్లు జర మంచిగ పెట్టి రాయి బిడ్డా అన్నాడు.

డిసెంబరు 4

యమునని అడిగాను. సరిత గ్రౌండుకి రావడం లేదట.

డిసెంబరు 19, కోదాడ

సరిత ఒక్కతే వచ్చింది. మెల్లగా పరుగు మొదలుపెట్టమన్నాడట డాక్టరు. ఎండాకాలంలో సీనియర్ సెలక్షన్లున్నాయట. ట్యూబులైటు కిందే కూర్చుంది.

తనెప్పుడూ చూడని కార్డిచ్చాను. నెమ్మదిగా, మధ్యలో ఊపిరి తీసుకుంటూ చదివింది. తప్పుల్లేవు. కళ్లు అంకె మీంచి అంకె మీదికి నేరుగా వెళ్తున్నాయి. వాటినే చూస్తూ వాచీ నొక్కడం మరిచిపోయాను.

ఇంకోసారి చదవమన్నాను. కార్డు బోర్లించి నా చేతికిచ్చేసింది. ఇంకోసారి చదివితే నోటికొస్తుందట.