ఎడమకాలి వాచీ

అక్టోబరు 11, శనివారం
పొద్దున పదకొండు గంటలు, షాపులోంచి

కోట్ల మేస్త్రి అయిన బావగారికి, ప్యాంట్ల మేస్త్రి అయిన బావమరిది నమస్కరించి రాయునది. ఈ నమస్కారం మా అక్క మొహం చూసి పెట్టింది, మీ మొహం చూసి కాదు. మీరు క్షేమంగా లేరని నాకు తెలుసు. నేను క్షేమంగా ఉండాలని మీరు కోరుకోవడం లేదనీ తెలుసు. కాబట్టి ఆ రెండు ముక్కలూ వదిలేసి విషయంలోకి వస్తున్నాను.

ఈ గార్లూ మీరులూ నావల్ల కాదు బావా. ఇరవై ఆరేళ్ళు ఒకే గదిలో వీపుకి వీపు పెట్టుకుని కుట్టినవాణ్ణి మీరు అనాలంటే నోరు తిరగడం లేదు. ఫోన్ చేద్దామంటే నా నంబరు బ్లాక్ చేసిపెట్టావు. తలుపు కొడితే లోపల్నుంచి మిషను ఇంకా గట్టిగా తొక్కుతావు. అందుకే ఈ కాయితం. అక్క చేతికిచ్చి పంపుతున్నాను. చింపెయ్యాలనిపిస్తే చింపెయ్, కానీ చదివి చింపు.

నిన్న పొద్దున అక్క షాపుకొచ్చింది. కటింగ్ టేబుల్ మీద తల పెట్టి ఏడ్చింది. నేను ముగ్గురాయితో గీసి పెట్టుకున్న బూడిదరంగు గుడ్డ తడిసి గీతలన్నీ పోయాయి, అది వేరే సంగతి. రెండు వారాలుగా నువ్వు కాలికి కట్టు మార్పించుకోవడానికి వెళ్ళడం లేదట. ఇంట్లోనే ఏదో పొడి చల్లుకుని, మిగిలిపోయిన లైనింగ్ గుడ్డ చుట్టుకుంటున్నావట. డాక్టరమ్మ అక్కకి ఫోన్ చేసి, ఈ సోమవారం కూడా రాకపోతే పుండు ఎముకదాకా దిగుతుందనీ, ఆ తర్వాత పాదం మిగులుతుందని తను మాటివ్వలేననీ చెప్పిందట. ఆ మాట నీ చెవిన వేస్తే, కాలు నాది, మీ అందరికీ ఎందుకు అన్నావట.

కాలు నీదా? ఆ కాలు తొక్కిన తొక్కుళ్ళతోనే కదయ్యా మీ ఇల్లు నడిచింది, మీ పిల్ల చదువుకుంది. దాని మీద నీ ఒక్కడికే హక్కుందని ఎవరు రాసిచ్చారు? మా అక్క ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ కాలికి మేజోళ్ళు ఉతుకుతోంది. నీకంటే ఆవిడకే ఎక్కువ తెలుసు దాని సంగతి.

నువ్వు ఎందుకు వెళ్ళడం లేదో కూడా నాకు తెలిసింది. కట్టు కట్టే కాంపౌండరు పుండు ఎలా పడిందని అడిగాడట. నువ్వు నీళ్ళు నములుతుంటే, వరసలో కూర్చున్న ఎవడో, ఈయనేనా కూర్చుని నడిచే మేస్త్రి అని నవ్వాడట. అంతే, దొరగారు సగం కట్టుతో లేచి ఇంటికొచ్చేశారు. పరువు కోసం కాలు వదులుకునే మనిషిని మొదటిసారి చూస్తున్నాను. పోనీ అది నిజంగా పరువైతే సరే. నీకు పరువు అనేది ఆగస్టు ముప్పై ఒకటి దాకా ఎక్కడుందట?

అక్కకి నువ్వు చెప్పిన కథ వేరేగా ఉంది. నేనేదో ఒళ్ళు తెలియని అసూయతో నిన్ను బజారున పడేశానన్నావట. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఆవిడా చదువుతుంది, చదవనీ.

జూన్ నెలాఖరున మనిద్దరి షుగరు కాయితాలూ చూసి డాక్టరమ్మ ఇద్దర్నీ ఒకే విడతలో తిట్టింది. మీ నడుములు స్టూళ్ళకి అతుక్కుపోయాయి, రోజుకి ఎనిమిది వేల అడుగులు వెయ్యండి, రెండు నెలలయ్యాక మొహం చూపించండి అంది. నీ వైపు తిరిగి, పాదాల్లో స్పర్శ బాగా తగ్గింది, దెబ్బ తగిలినా తెలీదు, రోజూ పాదాలు చూసుకోండి అని కూడా అంది. ఆ రెండో మాట నువ్వు ఇంట్లో చెప్పనేలేదు. అడుగులు లెక్కపెట్టే వాచీలు రెండు నేనే తెచ్చాను. నీకు నల్లది, నాకు నీలం. ఎవరెన్ని అడుగులు వేశారో ఇద్దరి ఫోన్లలోనూ కనపడేలా ఆ వాచీల షాపు అమ్మాయే కలిపిచ్చింది.

పందెం వేసింది మాత్రం నువ్వు. ఆగస్టు ఆఖరికి ఎవరి అడుగులు ఎక్కువైతే కిటికీ పక్క సీటు వాళ్ళదన్నావు. షాపు తెరిచిన రోజు నుంచీ ఆ సీటు నీది. పగటి వెలుగు నీకు, ట్యూబులైటు నాకు. నల్ల గుడ్డ మీద నల్ల దారం కనపడక నేను కళ్ళు చికిలించుకుంటుంటే నువ్వు అటు తిరిగి ఈల వేసుకునేవాడివి. ఆ సీటంటే నేను ఎంత దూరమైనా నడుస్తానని నీకు తెలుసు. అందుకే దాన్ని ఎర వేశావు.

నడిచాను. దారం రీళ్ళు ఒక్కొక్కటిగా కొన్నాను, రీలుకో ట్రిప్పు. కాజాలు కుట్టే ఆవిడ దగ్గరికి ప్యాంటుకో ట్రిప్పు వేశాను. నాలుగో రోజుకి ఆవిడ మొగుడు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. కొలతలివ్వడానికొచ్చిన హెడ్మాస్టరు చుట్టూ టేపు పట్టుకుని నాలుగు చుట్లు తిరిగితే, తన నడుము అంత కొలవాల్సినంత ఉందా అని ఆయన చిన్నబుచ్చుకున్నాడు. పళ్ళు తోముకుంటూ నడిచాను. ఫోన్లో మాట్లాడుతూ నడిచాను. నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయని మా ఆవిడ వంటింట్లోంచి తరిమేసింది. పదివేలు దాటగానే వాచీ చేతి మీద జుయ్యిమని వణికి, తెర మీద శభాష్ అని పడేది. ఇన్నేళ్ళలో నువ్వు ఒక్కసారైనా అనని మాట అది. ఒక ప్లాస్టిక్ ముక్క రోజూ అంటుంటే నాకు నిజంగా బాగుండేది. నడుము రెండంగుళాలు తగ్గింది. నా ప్యాంట్లన్నీ నేనే విప్పి చిన్నవి చేసుకున్నాను.

కానీ సాయంత్రం ఫోన్ తీస్తే నీవి పద్దెనిమిది వేలు! పొద్దున్నుంచీ నా కళ్ళముందు స్టూలు మీంచి లేవని మనిషికి! అడిగితే తెల్లవారుజామున నడిచొస్తున్నానన్నావు. మరి పొట్ట అలాగే ఉందేమిటంటే, మా వంశంలో ఎముకలు బరువన్నావు. మధ్యలో ఓసారి, నడిచి నడిచి ఎడమకాలు వాచింది, ప్యాంటు బాటం అరంగుళం వదులు చెయ్యమన్నావు. చేసిచ్చాను. థాంక్స్ కూడా చెప్పలేదు నువ్వు.

ఆగస్టు ముప్పై ఒకటి ఆదివారం. ఇస్త్రీ ఆయన, టీ బండాయన, కాజాల ఆవిడ, ముగ్గురు కస్టమర్లు, అందరూ షాపులో ఉన్నారు. నాకంటే నీవి మూడు లక్షల పైచిలుకు ఎక్కువ. కిటికీ పక్కన కాలు మీద కాలేసుకుని, కొందరికి ట్యూబులైటే రాసిపెట్టి ఉంటుందని అందరికీ వినపడేలా అన్నావు. గెలిచినవాడికి నా చేత్తో కొత్త ప్యాంటు అని చెప్పి, కొలత తీసే వంకతో మోకాళ్ళ మీద కూర్చుని, నీ ఎడమకాలి అంచు పైకి లేపాను. చీలమండ మీద, మేజోడు లోపల, నల్ల వాచీ. తెల్లవారుజామూ లేదు, నడకా లేదు. మిషను తొక్కిన ప్రతి తొక్కుడూ ఒక అడుగు. జారిపోకుండా బెల్టుకి ఇంకో బెజ్జం కూడా పొడుచుకున్నావు, పనిమంతుడివి కదా!

అందరూ పడీపడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. ఇస్త్రీ ఆయన వంగి వాచీ విప్పబోయాడు. బెల్టుతో పాటు చర్మం ఊడొచ్చింది. వెనకాలే వాసన వచ్చింది. ఎవరూ నవ్వలేదు ఇక. నువ్వు మాత్రం అబ్బా అని కూడా అనలేదు. ఎవరిదో కాలు తెచ్చి నీ ముందు పెట్టినట్టు దాని వంక చూస్తూ కూర్చున్నావు. ఆ చూపు నేను మరిచిపోలేకపోతున్నాను బావా. మిషను ఎక్కిన ప్రతిసారీ గుర్తొస్తోంది, కుట్టు వంకర పోతోంది.

మర్నాడు మనుషుల్ని పెట్టి నీ మిషను ఇంటికి మోయించుకున్నావు. నలుగురిలో నవ్వులపాలు చేశావు, చచ్చేదాకా నీ మొహం చూడనన్నావు. చూడకు. నా మొహానికి కొరతేం లేదు.

కానీ ఆ మిషను ఎందుకు తొక్కుతున్నావు? పుండు మానేదాకా ఎడమకాలు మోపొద్దనీ, పెడలు జోలికే పోవద్దనీ డాక్టరమ్మ చెప్పింది కదా. ఒళ్ళు బిగుసుకుపోకుండా కుర్చీలో కూర్చుని చేతులూ భుజాలూ ఆడించే వ్యాయామాలు బొమ్మలు వేసి కాయితం కూడా ఇచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి మిషను ఊగకుండా కింద దూర్చావట! పోనీ ఫోన్లో వీడియో చూడమని అక్క పెడితే, అందులో అమ్మాయి నన్ను చూసి నవ్వుతోంది, ఆపెయ్ అన్నావట. బావా, ఆ అమ్మాయి వీడియోలో ఉంది. ఆవిడకి నీ సంగతి తెలీదు. తెలిసుంటే అంత తక్కువగా నవ్వేది కాదు.

ఇక చివరి ముక్క. సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆటోతో మీ గేటు దగ్గర ఉంటాను. మాట్లాడక్కర్లేదు, నా వైపు చూడక్కర్లేదు. కట్టు కట్టేటప్పుడు కాంపౌండరు గానీ, ఇంకెవరు గానీ నోరు తెరిస్తే నేను చూసుకుంటాను. నిన్ను చూసి నవ్వే హక్కు ఇంటివాళ్ళది, బయటివాళ్ళది కాదు. నువ్వు రాకపోయావో, సోమవారం సాయంత్రమే నా మిషను కిటికీ పక్కకి జరుపుతాను. ఆరు వారాలుగా ఆ చోట నీ స్టూలు ఒక్కటే ఉంది.

ఈ కాయితంతో పాటు ఒక ప్యాంటు పంపుతున్నాను. ఎడమకాలు మోకాలి నుంచి కిందిదాకా పక్క కుట్టు వెయ్యకుండా టిచ్ బటన్లు పెట్టాను. ప్యాంటు విప్పకుండానే కట్టు మార్చొచ్చు. ప్రేమ పొంగి కుట్టిందనుకోకు. పాత పైజామాలో నువ్వు నా పక్కన ఆటోలో కూర్చుంటే నాకు నామర్దా. వంకలు వెతుకుతావని తెలిసి రెండుసార్లు విప్పి కుట్టాను. వెతుక్కో.

ఇట్లు,
నీ మొహం చూడ్డానికి తహతహలాడని,
ట్యూబులైటు కింది బావమరిది

తా.క.: ప్యాకెట్టు కట్టేసి, మళ్ళీ విప్పి ఇది రాస్తున్నాను. అక్క చదివితే చదవనీ అని పైన రాశాను కదా, ఇది కూడా చదవనీ.

నువ్వు అరంగుళం వదులు చెయ్యమన్నది జూలై రెండో వారంలో. కొలత చూడ్డానికి నీ కాలి దగ్గర వంగినప్పుడు మేజోడు లోపల ఆకుపచ్చ దీపం మిణుకుమంది. నాకు ఆ రోజే తెలుసు బావా. బెల్టు ఎంత బిగించావో కూడా చూశాను, మేజోడు మీద గాడి పడి ఉంది. నీకు పాదాల్లో స్పర్శ లేదని డాక్టరమ్మ చెప్పినప్పుడు నీ పక్క కుర్చీలో కూర్చున్నది నేనే. అయినా నోరు విప్పలేదు. ఆఖరి రోజు అందరి ముందూ పట్టుకోవాలి, కిటికీ సీటు కొట్టెయ్యాలి, అదొక్కటే నా బుర్రలో ఉంది. ఏడు వారాలు నీ వెనక కూర్చుని, నీ మిషను చప్పుడు వింటూ లోలోపల నవ్వుకున్నాను. ఆ రోజే అంచు లేపి ఒక తిట్టు తిట్టి ఉంటే ఇద్దరం నవ్వుకుని టీ తాగేవాళ్ళం. వాచీ పట్టడానికి చోటు చేసిచ్చింది కూడా నా చేతులే.

నవ్వులపాలు చేశానని నా మీద కోపం పెట్టుకున్నావు. ఆ కోపానికి కారణం చాలా చిన్నది. అసలుది ఇదిగో, ఇచ్చాను. సోమవారం తొమ్మిదింటికి గేటు దగ్గరే ఉంటాను. కొట్టాలనిపిస్తే కొట్టు, కానీ కట్టు మార్పించుకుని వచ్చాక. ఎంతసేపైనా నిలబడతాను.