రెండో గేరు మీద ఒట్టు

1969 మార్చి 3, సోమవారం. ఉదయం 7.00

నిర్ణయం: పది రోజుల్లో మా జీపు గేర్‌బాక్స్ పైమూత నా చేతులతో నేనే మారుస్తాను. మెకానిక్ మారయ్య సాయం అడగను.

నేను మొయినాబాద్ బడిలో లెక్కల మాస్టర్ని. పేరు సాముయేలు, ఊరు కనకమామిడి. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వల్ల బడి మూతపడింది. జీపు రెండో ప్రపంచ యుద్ధం నాటిది. మిషన్ దొర వెళ్లిపోతూ, తన డ్రైవరైన మా బాపుకు ఇచ్చాడు. దానికి ఒకటే జబ్బు: రెండో గేరు నిలవదు. వేసిన మరుక్షణం ఎగిరి బయటికి వస్తుంది. గేర్లను కదిపే కొక్కేలు పైమూతలోనే ఉంటాయి. మూడేళ్లుగా నా భార్య పద్మమ్మ పక్కన కూర్చుని గేరు కడ్డీని రెండు చేతులతో అదిమి పట్టుకుంటేనే మా ప్రయాణం. చర్చికి చేరాక ఆమె ఏమని ప్రార్థిస్తుందో నేను అడగలేదు.

నిన్న చాయ్ హోటల్ దగ్గర మా ఊరి మారయ్య పదిమంది ముందు, “సారూ, లెక్కలు మీరు చెప్పుండ్రి, గేర్లు నాకిడిసిపెట్టుండ్రి” అన్నాడు. నవ్వినవాళ్లలో పాస్టరుగారు కూడా ఉన్నారు.

కావలసినవి: వేరే మూత (హైదరాబాదు జుమ్మెరాత్ బజారులో పాత సామాన్లలో కొన్నది, ఏడాదిగా మంచం కింద ఉంది), పానాలు, కిరోసిన్, పాత ధోవతి, ఓర్పు. చివరిది నా దగ్గర దండిగా ఉంది.

మార్చి 4, మంగళవారం

నలభై నిమిషాల్లో బోల్టులన్నీ విప్పాను! మూత చేతికొచ్చింది. నోటుబుక్కులో బొమ్మ గీసి, ప్రతి ముక్కకూ అంకె వేశాను. ఈ మాత్రం పనికి మెకానిక్కులు అంత బిగుసుకుపోవడం దేనికో. మధ్యాహ్నం రెండుసార్లు తిన్నాను.

మార్చి 6, గురువారం

బజారు మూతలో ఒక కొక్కెం అరిగి ఉంది. పాత మూతలోది తీసి దీనికి వేయాలి. లోపలి కడ్డీ లాగాను. టక్‌మని ఒక స్ప్రింగు, దాని వెనకే గోళీ అంత కూడా లేని ఉక్కు గుండు, నా చెవి పక్కనుంచి దూసుకుపోయాయి. స్ప్రింగు దొరికింది. గేరును చోటు కదలకుండా పట్టే ఆ గుండు మాత్రం గడ్డివాములోకి పోయింది; బజారు మూతలో అది ముందే లేదు.

రెండు గంటలు వెతికాను. ఏం పోయిందని పద్మమ్మ అడిగితే, చిన్న వస్తువు అన్నాను. చిన్నదైతే గడ్డివామంతా ఎందుకు విప్పావని అడిగింది. ఆడవాళ్లకు యంత్రాలు అర్థం కావు.

మార్చి 9, ఆదివారం

ఈరోజు పని చేయకూడదు. ఆదివారానికి మనసు సిద్ధం చేసుకోవాలి కనుక శుక్ర, శనివారాలు కూడా చేయలేదు.

మార్చి 10, సోమవారం

ఊళ్లో కుర్రాళ్లు జెండాలు పట్టుకుని రోడ్డు మీద ఉన్నారు. కొందరు జైలుకు పోతున్నారట. ఇలాంటప్పుడు ఒక మనిషి తన గేర్‌బాక్స్ గురించి ఆలోచించడం సిగ్గుచేటు. హోటల్లో కూర్చుని మూడు గంటలు రాష్ట్రం గురించి ఆలోచించాను. ఎదురుగా మారయ్య ఉన్నాడు. అటు చూడలేదు.

మార్చి 12, బుధవారం. గడువు రోజు

ఉదయం 9.00: సైకిలు పెడలు విప్పి అందులోని గుండు ఒకటి తీశాను. కాస్త చిన్నది. లెక్కల్లో దీన్ని ఉజ్జాయింపు అంటారు.
సాయంత్రం 4.00: మూత బిగించాను.
4.10: ఒకటో గేరు పడలేదు. రెండు పడలేదు. మూడు పడలేదు.
4.15: రివర్సు పడింది! జీపు వెన్నలా వెనక్కి జారి కోళ్ల గూటిని కూల్చింది.
4.30: జీపు మీద టార్పాలిన్ కప్పాను. మూత మారుస్తానన్నాను, మార్చాను. ముందుకు పోతుందని ఎక్కడా రాయలేదు. పైన చూసుకోవచ్చు.

మార్చి 14, శుక్రవారం

ఇది చేవెళ్ల దవాఖాన మెట్ల మీద రాస్తున్నాను.

పొద్దున పది గంటలకు మారయ్య భార్య జంగమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ట్రాక్టరు చక్రం విప్పుతుంటే జాకీ జారి మారయ్య కుడిచేయి నలిగిందట. బంద్ వల్ల ఈరోజు బస్సులు లేవు. ఎడ్లబండి మీద చేవెళ్ల చేరాలంటే మధ్యాహ్నం దాటుతుంది. జీపు తియ్యమంది. అది వెనక్కి తప్ప పోదని నేల చూస్తూ చెప్పాను.

“ముందుకు పోతదో ఎన్కకు పోతదో నాకెందుకు సారూ. చేవెళ్లకు పోతదా, పోదా?”

ఇరవై ఏళ్లుగా పిల్లలను ప్రశ్నలు అడుగుతున్నాను. ఇంత సూటిగా ఒక్కటీ అడగలేదు. పోతది అన్నాను.

మారయ్యను వెనక పడుకోబెట్టాం, పక్కన జంగమ్మ కూర్చుంది. పద్మమ్మ తన చీర చింపి చేయి కట్టింది. జీపు వీపును చేవెళ్ల వైపు తిప్పి, మెడ వెనక్కి మెలితిప్పి బయల్దేరాను. ఇంజను మైలుకోసారి కుతకుతలాడింది. ఆపడం, నీళ్లు పోయడం, మళ్లీ వెనక్కి నడపడం. ఒకచోట మారయ్య కళ్లు తెరిచి, చప్పుడు విని, “గుండు ఏడది సారూ?” అని అడిగాడు. సైకిలుది అన్నాను. కళ్లు మూసుకున్నాడు. నొప్పి వల్లనే అనుకున్నాను.

చేవెళ్ల ఇంకో రెండు మైళ్లుందనగా కల్వర్టు దగ్గర రాళ్లు, ముళ్లకంప అడ్డం పెట్టి ఉన్నాయి. ముందు నిలబడినవాడు బాల్‌రాజ్. పోయినేడు లెక్కల్లో నేను ఫెయిలు చేసినవాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, మూతి చూశాడు, వీపు చూశాడు.

“పోయే బండ్లను ఆపమన్నరు సారూ. గిది పోతున్నదా, వస్తున్నదా?”

అంతలో వాడికి లోపలి నెత్తురు కనబడింది. తనే కంప లాగేశాడు, రాళ్లు దొర్లించాడు. తర్వాత జెండా పట్టుకుని మా దారికి ముందు, అంటే జీపు వెనక, చేవెళ్ల దాకా పరుగెత్తాడు. దారిలో ఇంకెవరూ ఆపలేదు.

ఇంకో గంట ఆలస్యమైతే చేయి తీసేయాల్సి వచ్చేదని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు చేయి ఉంటుందట. రెండు వేళ్ల మాట తర్వాత. జంగమ్మ గోడకు ఆనుకుని అప్పుడు ఏడ్చింది.

ఆ చేయి మా ఊళ్లో బాగుచేయని మోటారు లేదు. పది రోజులుగా నేను దాన్ని ఓడించాలని చూస్తున్నాను.

మార్చి 15, శనివారం

మెడ తిరగడం లేదు.

ఏప్రిల్ 2, బుధవారం

మారయ్య చేతికి కట్టుతో మా ఇంటికొచ్చాడు. వేళ్లు నిలిచాయి కానీ మూడు నెలలు పానా పట్టకూడదట. జీపు ముందు పీట వేయించుకుని కూర్చున్నాడు. నువ్వు కోలుకున్నాకే నీ చేత్తోనే బాగుచెయ్యి, నేను ముట్టను అన్నాను. నా జీవితంలో ఒక మెకానిక్కును బతిమాలడం ఇదే మొదటిసారి.

మారయ్య కట్టు వైపు చూసుకున్నాడు.

“గిది ఇప్పట్ల పని చెయ్యది సారూ. సంగయ్య బావి మోటరు ఆగిపోయి వారమాయె, మడి ఎండుతున్నది. నోరు నాది, చేతులు మీయి. ముందుగాల జీపు మీద నేర్చుకోండ్రి.”

పాస్టరుగారి ముందైతే ఒప్పుకునేవాణ్ణి కాదు. అక్కడ పద్మమ్మ ఒక్కతే ఉంది. ఆమె అప్పటికే పానాలు తెచ్చి నా ముందు పెట్టింది.

కొత్త నిర్ణయం: మారయ్య చేయి బాగయ్యేదాకా అతని చేతులు నేనే. జీపుకు నాలుగు రోజులు, ఆపైన సంగయ్య మోటారు. మొదలు రేపు ఉదయం ఏడింటికి. ఐదు నిమిషాలు ఆలస్యమైనా, బడిలో నేను పిల్లలను నిలబెట్టినట్టు, నన్ను మా గేటు బయటే నిలబెడతానని మారయ్య చెప్పి వెళ్లాడు.