నెమ్మదైన పిల్ల

మే 5, ఆదివారం
కోడలు ఏంజలిన్ పాపను తొలిసారి చర్చికి తెచ్చింది. నెలన్నర పిల్ల. ప్రసంగమంతా కిక్కురుమనలేదు. మా ఇంట్లో పుట్టినోళ్లు మైకు మింగి పుట్టినారు, నీకెంత అదృష్టమే దేవమణీ అంది పక్కింటి దోర్కా అక్క. గర్వమనిపించింది. స్తోత్రం చెప్పుకున్నాను.

మే 8
రైల్వే క్వార్టర్ గోడలు సెగలు కక్కుతున్నాయి. పాప గొంతు ఆరిపోతుందని, ఏప్రిల్ నుంచీ పడుతున్నట్టే, ఉగ్గుగిన్నెతో పటికబెల్లం నీళ్లు పట్టాను. తాగి పడుకుంది. పాలు చేపుకొచ్చి సలుపుతున్నాయత్తా, లేపి ఇస్తాను అంది ఏంజలిన్. పడుకున్న పిల్లని లేపకూడదమ్మా, ఆకలైతే అదే ఏడుస్తాది అన్నాను. పాలు పిండి పారబోసుకుంది.

మే 10
నాలుగుసార్లు నీళ్లు పట్టాను. ఏడుపే లేదు.

మే 15, ఉదయం
టీకాకి వెళ్లాం. తూచడానికి గౌను విప్పమంది నర్సు దీదీ. రోజూ నూనె రాసే చేతులు నావే. ట్యూబ్‌లైటు కింద తొడల చర్మం ముడతలు పడి వేలాడుతోంది. ఇన్నాళ్లూ నేనేం చూశాను?
రెండుసార్లు తూచింది. పుట్టినప్పటి బరువు కూడా లేదట. ఆసుపత్రికి పరుగెత్తమంది.

సాయంత్రం 4
పాపకి ఏం పడుతున్నారు మాషిమా అని అడిగింది బెంగాలీ డాక్టరమ్మ. మాషిమా అంటే వాళ్ల భాషలో పిన్ని. చెప్పాను. నీళ్లతో పొట్ట నింపితే పాలకి చోటేదీ అంది. ఎంత ఎండైనా ఆరు నెలలదాకా తల్లిపాలే చాలు, చుక్క నీళ్లు వద్దంది. నెమ్మదైన పిల్లమ్మా, ఏడవదు అన్నాను.
ఏడవడానికి ఓపిక లేదు మాషిమా అంది.
నేను స్తోత్రం చెప్పింది దేనికి?

మే 16
బతుకుతుందా అంటే చూద్దామంటున్నారు. పాప రొమ్ము పట్టలేకపోతోంది. పాలు పిండి చెంచాతో పోస్తున్నాం. రెండేసి గంటలకి అరికాళ్లు రుద్ది లేపమంది సిస్టర్. పాలున్నాయని మొత్తుకుంటే ఇన్నావేటత్తా అని ఏంజలిన్ వార్డంతా వినపడేలా అరిచింది. పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. పాప అరికాళ్లు రుద్దాను.
దోర్కా అక్క ఫోన్ చేసింది. డబ్బాపాలు కొనీయండే అంది. పాలున్నాయక్కా, మేమే తాగనివ్వలేదు అన్నాను.

మే 19
పట్టింది. గుటక వినిపించింది.

మే 27, మధ్యాహ్నం 2
ఇంటికొచ్చేశాం. బరువు పెరుగుతోంది. మోకరించి ప్రార్థన మొదలుపెట్టాను. పాప హాయిగా నిద్రపోతోంది.
కాసేపు ఆగు తండ్రీ. లేపాలి.