ఉయ్యాలలో ఉన్న సొరకాయ

వాచీల డాక్టరుగారూ,

నేను చెకప్‌కి వెళ్తున్నాను, మూడింటికల్లా వచ్చేస్తాను. అన్నం, కూర మూతపెట్టి ఉంచాను. ఏం కూరని అడక్కుండా తినేయండి. ఉయ్యాలలో ఉన్న సొరకాయను మాత్రం కూరగాయల బుట్టలో పడేయకండి. వచ్చే నెల దాకా అదే మన బిడ్డ.

తిన్నాక దానికి స్నానం చేయించి, తువ్వాలు చుట్టి, భుజాన వేసుకుని హాల్లో పది చుట్లు తిరగండి. మెడ కింద చెయ్యి పెట్టడం మరవకండి. ఆవగింజంత వాచీ స్క్రూను పట్టకారుతో తీసి బిగించే మనిషి, "బిడ్డకి ఏడాది నిండేదాకా నేను ఎత్తుకోను, జారవిడుస్తానేమో" అంటే ఎవరైనా నవ్విపోతారు. నేను కాస్త కునుకు తీస్తే ఎవరు ఎత్తుకోవాలి, పక్కింటి పిన్నిగారా?

నిన్న దాని తల తలుపుకి తగిలితే, "అయ్యో, సారీరా కన్నా" అంటూ మీరు నిమరడం వంటింట్లోంచి చూశాను. నవ్వు ఆపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకున్నాను. ఇక మీ గురించి నాకు బెంగ లేదు.

ఆటో హారన్ కొడుతోంది. వెళ్తున్నా.

తా.క. స్నానం చేయించేటప్పుడు ఎలాగూ తెలిసిపోతుంది కాబట్టి నేనే చెప్పేస్తున్నాను. ఇది నిన్నటి సొరకాయ కాదు. పొద్దున స్నానం చేయిస్తుంటే, సబ్బు నురగలో నా చేతుల్లోంచి జారి రెండు ముక్కలైంది. పరుగున వెళ్లి ఇంకోటి తెచ్చాను. మూతపెట్టిన కూర ఏమిటో ఇప్పుడు అర్థమై ఉంటుంది. నాకైతే ఒక్క ముద్ద కూడా దిగలేదు. తిట్టకండి. సాయంత్రం నాక్కూడా ఎత్తుకోవడం నేర్పండి.