షియోమారు నడవలేదు

నెరిమా, టోక్యో
రేవా 6 (2024), నవంబరు 12

డైరెక్టరు కురమోచి గారికి,

ఒకప్పుడు మీ స్టూడియో రంగుల గదిలో పనిచేసిన నెగిషి హరుయో నమస్కారాలు. ఇక్కడ గింకో ఆకులు పసుపు తిరిగి వీధంతా రాలుతున్నాయి. చలి ఇంకా గట్టిగా పట్టుకోలేదు గానీ నా వేళ్ళు అప్పుడే మొరాయిస్తున్నాయి. మోకాలి ఆపరేషను తర్వాత మీరు కర్ర లేకుండా తిరుగుతున్నారని విని సంతోషించాను. మీరు పంపిన షిజుఒకా కమలాలు అందాయి. పైవరసవి పులుపు, అడుగువి తీపి. పళ్ళు పంపి పని అడగడం మీకు మొదటినుంచీ ఉన్న అలవాటే. అందుకే పెట్టె తెరవకముందే ఇందులో ఏదో ఉందనుకున్నాను.

ఉత్తరం చదివాను. మన పాత బొమ్మల సీరియల్ 'ఉక్కు కావలి షియోమారు' కొత్త డిస్కులుగా వస్తోందనీ, ఆఖరి దృశ్యాన్ని కంప్యూటరు మీద మళ్ళీ గీయించి ఈసారైనా మన మరమనిషి షియోమారును నడిపిస్తారనీ, దాని ఒంటి రంగు ఎలా కలిపామో నాకు తప్ప ఎవరికీ గుర్తుండదు కాబట్టి చెప్పాలనీ రాశారు. నా జవాబు ముందే చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా కోప్పడుదురు గాని. ఆ రంగు నాకు బాగా గుర్తుంది. చెప్పను. ఆ దృశ్యం మీద చెయ్యి వెయ్యొద్దని అడగడానికే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

లోకం మన సీరియల్‌ని ఏమంటుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 'తాచిమారు' అంటారు, నిలబడ్డ మారు అని. డిస్కుల కంపెనీ నుంచి సుగేనో అనే ఆయన పోయిన నెల మా ఇంటికొచ్చారు. మర్యాదస్తుడే. టీ తాగుతూ మెల్లిగా మనసులో మాట బయటపెట్టారు: "ఏమనుకోకండి నెగిషి గారూ, దీన్ని కొనేవాళ్ళలో సగం మంది నవ్వుకోవడానికే కొంటారు." నేను ఆయన కప్పులో రెండోసారి టీ పొయ్యలేదు. పొయ్యకపోవడం తప్పేనని తర్వాత అనిపించింది, ఆయన చెప్పింది నిజమే మరి.

నవ్వేవాళ్ళు ఏం చూసి నవ్వుతున్నారు? రేవులో దాన్ని ఉంచే షెడ్డు తలుపులు తెరుచుకుని షియోమారు బయటికొచ్చే బొమ్మలు ప్రతివారం అవేనంటారు. నిజమే, కొత్తగా గీసే తీరిక లేక ఒకసారి తీసింది దాచుకుని అదే వాడాం. అందులో ముగ్గురు రేవు కూలీలు తాళ్ళు లాగుతారు. కథలో ముసలి కిసబురో చనిపోయిన వారం మీరు నా గదికి వచ్చారు. ఆ ముసలాయన్ని బొమ్మల్లోంచి తీసెయ్యమనీ, తాడు మాత్రం ఉంచమనీ అడిగారు. బొమ్మలు గీసిన ప్లాస్టిక్ రేకుల వెనక పూసిన రంగును ఒక్కొక్క దాని మీద గీకి తీసి మళ్ళీ పూశాను. ఆ తర్వాతి భాగాలన్నింట్లో ఇద్దరే లాగుతారు, మూడో తాడు పట్టుకునేవాళ్ళు లేక వేలాడుతుంది. ఎవరూ దాని గురించి ఒక్క మాట అనరు. చావును అంత నెమ్మదిగా చెప్పిన సీరియల్ ఇంకొకటి నేను చూడలేదు, ఈ రంగంలోనే నా జుట్టు నెరిసింది.

మోకాళ్ళు వంగవు, కర్రలా నడుస్తుంది అంటారు. ఆ పాపం మనది కాదు. కీళ్ళు ఎక్కువైతే విరిగిపోతాయని, మన సీరియల్‌కి డబ్బు పెట్టిన ఆటబొమ్మల కంపెనీ మోకాళ్ళు లేని బొమ్మ చేసింది, బొమ్మకు లేనివి తెరమీదా ఉండకూడదంది. మీరు ఆ వంకర షరతునే పట్టుకుని, షియోమారుకి మోకాళ్ళు వంగవు కాబట్టి ఇళ్ళ మధ్య జాగ్రత్తగా నడవడం రాదు అని కథ అల్లారు. గెలిచిన ప్రతిసారీ ఎవరి ఇల్లో కూలేది. ఇంటి కప్పు పోగొట్టుకున్న పీతలమ్మే ముసలమ్మ గుర్తుందా? వారాల తరబడి కప్పు మీద టార్పాలిన్ కట్టుకుని, షియోమారు ఎదురైనప్పుడల్లా "దిష్టిబొమ్మా, ఇటు రాకు, ఉన్న గోడ కూడా పోతుంది" అని తిట్టేది. మిగతా సీరియళ్ళలో కూలిన ఊళ్ళు మరుసటి వారానికి మళ్ళీ లేచి నిలబడేవి. మన ఊరు నిలబడేది కాదు. దాన్ని బాగు చెయ్యాల్సి వచ్చేది. పిల్లలకి అది విసుగేనని అప్పట్లో ఛానల్ వాళ్ళు అన్నారు. విసుగు పుట్టినా నిజం చెప్పారు మీరు, అందుకు మీరంటే నాకు ఇప్పటికీ గౌరవం.

ఇక ఆఖరి దృశ్యం. యుద్ధం అయిపోయింది కాబట్టి షియోమారు తనంతట తనే సముద్రంలోకి నడిచి మునిగిపోవాలని ప్రభుత్వం ఆజ్ఞ. ఇన్నాళ్ళూ దాన్ని నడిపిన పిల్ల యోషినో ఒడ్డున ఏడుస్తూ ఉంటుంది. మీరు రాసుకున్న ప్రకారం అది నడిచి మునిగిపోవాలి. టీవీలో మాత్రం అది నీళ్ళ అంచున నిలబడిపోయింది. చప్పుడు ముందే రికార్డు చేసేశాం కాబట్టి అడుగుల మోత వినిపిస్తూనే ఉంది, అది మాత్రం కదలదు. పేర్లు పడేదాకా అలాగే.

ఎందుకలా అయిందో స్టూడియో అంతా అప్పుడే చెప్పుకుంది. మన లిపిలో 'నడక' అని రాసే ఒక్క అక్షరంలో పైసగం 'ఆపు' అనే అక్షరమే కదా. కింది సగం మీరు హడావుడిలో ఒక మెలిక తిప్పి వదిలేసేవారు, దాంతో 'నడక' కాస్తా 'ఆపు' అయి కూర్చునేది. మీ రాత మహిమ ఎవరికి తెలియదు? మీరు రాసిచ్చిన చీటీ పట్టుకుని నూడుల్సు కోసం మందుల షాపుకెళ్ళిన వాళ్ళున్నారు. కెమెరా ఉబుకాతా గారు మీ సూచనను 'ఆపు' అని చదివి, నడక బొమ్మలన్నీ పక్కన పెట్టి ఒకే బొమ్మను తీశారని తేలింది. అందరి ముందూ ఆయన్ని మీరు కళ్ళున్నాయా అని అడిగారు. ఆయన తల వంచి క్షమాపణ చెప్పుకున్నారు. ఆ రోజు నుంచి మీరు ఆయనకు పని ఇవ్వలేదు, పలకరింపు కూడా లేదు. అప్పటిదాకా కలిసి తాగి, కలిసే ఆఖరి రైలు పోగొట్టుకున్న మనుషులు మీరిద్దరూ.

అది పొరపాటే అనుకుందాం. అయినా మన బొమ్మల్లో అన్నిటికన్నా గొప్పది అదేనని నేను అంటాను. ఈ వేసవిలో చోషి రేవులో చేపల సంఘం హాలులో మన సీరియల్ ఆఖరి భాగాలు వేస్తే వెళ్ళాను. మొదట్లో నవ్వారు. ఆఖరి దృశ్యంలో ఎవరూ నవ్వలేదు. చేపల వేలం పాడే ఒకాయన, బొంగురు గొంతు మనిషి, బయట నా పక్కన నిలబడి సిగరెట్టు వెలిగించబోయి మానేశారు. నేను ఎవరో ఆయనకి తెలియదు.

"టీవీలో మరమనుషులందరూ గెలిచాక వెళ్ళిపోయేవాళ్ళండీ," అన్నారు. "ఆ ఏడాదే మా నాన్న కూడా వెళ్ళిపోయాడు, పడవతో సహా. ఇదొక్కటే వెళ్ళలేదు. అడుగుల చప్పుడు వినబడుతోంది, ఇప్పుడు వెళ్తుంది, ఇప్పుడు వెళ్తుంది అనుకుంటూ కూర్చున్నాను. వెళ్ళలేదండీ."

ఇన్నేళ్ళుగా దాన్ని పని ఎగ్గొట్టిన గుర్తుగా చూస్తున్నాం. ఆయన దాన్ని మాట వినని గుర్తుగా చూశారు. పొమ్మన్నా పోను అన్న మర అది. మీరు దాన్ని నడిపిస్తే, సుగేనో గారి లెక్కలో ఒక తప్పు సర్దుకుంటుంది, చోషి ఆయనకి మళ్ళీ ఒకరు వెళ్ళిపోతారు.

ఇదంతా మీ భార్య ఫుసాయె గారి కోసమే అని రాశారు. ఆవిడ పోయినప్పటి నుంచి మీ మాటల్లో ఎప్పుడూ ఆవిడే. ఆ దృశ్యం వచ్చినప్పుడల్లా ఆవిడ తల దించుకునేవారనీ, మీ పరువు పోయిందన్న సిగ్గు ఆవిడను వదల్లేదనీ, ఆ మచ్చ తుడిచేసి సమాధి దగ్గర చెప్పుకుంటేనే మీకు నిద్రపడుతుందనీ రాశారు. ఆ వాక్యం దగ్గర ఉత్తరం పక్కన పెట్టి టీ పెట్టుకున్నాను. మీ దుఃఖం నాకు అర్థమవుతుంది. అయినా దయచేసి దాన్ని అక్కడే నిలబడనివ్వండి.

చలి ముదురుతోంది, మెడకు ఏదైనా చుట్టుకోకుండా బయటికి వెళ్ళకండి.

ఇప్పటికీ మీ మాట మీద ఎదురు చెప్పే
నెగిషి హరుయో

తా.క.: కవరు అంటించాక కూడా మనసు ఒప్పలేదు. వాదించి గెలిస్తే మీరు వినే రకం కాదని నాకు తెలియదా? చిచిబులో కూతురి దగ్గర ఉంటున్న ఉబుకాతా గారికి ఫోను చేసి, చెప్పెయ్యనా అని అడిగాను. ఫుసాయె గారు చేసిన పనిని మీరే చెరిపేస్తానంటే ఇంకా ఏం దాస్తాం, చెప్పెయ్ అన్నారు. కవరు చింపి రాస్తున్నాను.

ఉబుకాతా గారు మీ అక్షరాన్ని సరిగ్గానే చదివారు. 'నడక' అనే చదివి, నడిపించే తీశారు. మీరు జ్వరంతో ఇంట్లో పడి ఉన్నారు. అప్పట్లో మన ఫిల్ములు కత్తిరించి అతికే పని ఫుసాయె గారిదే కదా, ఆవిడ అది చూసి మమ్మల్నిద్దర్నీ లోపలికి పిలిచారు. "ఈయన కోపం బొమ్మల కంపెనీ మీద," అన్నారు ఆవిడ. "ముంచేది మాత్రం దీన్ని. ఏడాదంతా ఆ పిల్ల వెంట ఉన్నది ఇలా వెళ్ళిపోతే, కోపం దిగాక మొదట ఏడ్చేది ఈయనే. దీన్ని నిలబెట్టండి ఉబుకాతా గారూ. ఆయన రాత సంగతి అందరికీ తెలిసిందే, తప్పు చదివానని చెప్పండి. రెండు రోజులు అరుస్తాడు. మూడో రోజు నేనే చెప్పేస్తాను."

ఆ మూడో రోజు రానేలేదు. షియోమారు పేరెత్తితే చాలు, మీరు అన్నం ముందు నుంచి లేచిపోయేవారట. ఆవిడ ధైర్యం చేసి చెబుదామన్న ప్రతిసారీ ఉబుకాతా గారే వద్దన్నారు, పోయిన పని ఎలాగూ పోయింది, మీ ఇంట్లో గొడవ ఎందుకని. ఆయన అప్పటికే ఊరి పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసుకుంటూ బతుకుతున్నారు.

ఫుసాయె గారు తల దించుకున్నది సిగ్గుతో కాదు. ఆ దృశ్యం వచ్చినప్పుడల్లా, తన మాట కోసం నింద నెత్తిన వేసుకున్న మనిషికి ఆవిడ వందనం చేసేవారు. పక్కనే కూర్చుని దాన్ని తప్పు చదివింది మీరు.

ఇది చదివాక కూడా నడిపించాలనిపిస్తే రంగు అడగండి, ఈసారి చెప్తాను. ఉబుకాతా గారి నంబరు కింద రాశాను. ఉదయం పూట ఇంట్లోనే ఉంటారు. చెవులు మందగించాయి, మీరు ఎవరో ఒకటికి రెండుసార్లు చెప్పండి.