బెంచీ మీద కోటు

యీషున్, సింగపూర్,
ఆగస్టు, 2001.

అమ్మకి,

అరుణశ్రీ నమస్కారాలు. ఆయనా, నేనూ, కీర్తికా ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ నాన్నగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా మనసు సంగతి మాత్రం అడగకు. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి ఒళ్ళు మండిపోతోంది. జవాబు మొదలుపెట్టడం, చింపేయడం. ఇది మాత్రం చింపను. ఫోనులో చెబుదామంటే ఆయన పక్కనే ఉంటారు.

ముందు నువ్వడిగినవి చెబుతాను. నాన్నగారి కంటి ఆపరేషన్ ‘ఎండలు తగ్గాక, పండగ అయ్యాక’ అంటూ వాయిదా వెయ్యకండి. కందిపొడి అందింది, అప్పుడే సగం అయిపోయింది. కీర్తికకి తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే ఇస్తుంది, చివర ఒక ‘లా’ తగిలిస్తుంది. ఇక్కడ పెరిగే పిల్లలందరూ అంతే.

ఫోటోలో నా మెడలో గొలుసు బదులు పసుపుతాడు ఎందుకుందని అడిగావు. కంప్యూటర్ కంపెనీలు మూతపడుతున్నాయని పేపర్లో చదివి, గొలుసు అమ్ముకున్నామేమోనని భయపడ్డావు. అమ్ముకోలేదు. ఇద్దరి ఉద్యోగాలూ నిక్షేపంగా ఉన్నాయి. తాడు సంగతి కింద రాస్తాను.

ఇక నన్ను మండించిన మాట. ‘రాత్రిపూట వీధులు కాపలా కాస్తున్నావట, ఆడదానికి అదేం పని? అల్లుడుగారు ఫోనులో ఎంత బాధపడ్డారో! ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉండు. అంత ఓర్పున్న మనిషి దొరకడం నీ అదృష్టం’ అని రాశావు. ఓర్పట! నా అదృష్టం ఏపాటిదో విను.

మా ఆఫీసు రాఫెల్స్ ప్లేస్‌లో ఉందని నీకు తెలుసు. పని ముగించుకుని రైలెక్కేసరికి చీకటి పడిపోతుంది. యీషున్‌లో దిగాక ఇంటికి రెండు దార్లు. పెద్ద రోడ్డు మీదుగా అయితే చుట్టూ తిరిగి రావాలి. అడ్డదారి చెట్ల కింద నుంచి వస్తుంది, అక్కడ జనసంచారం తక్కువ. ఈ ఏడాది మొదట్లో ఆ దారిలో ఆడవాళ్ళ చేతిసంచులు లాక్కుపోయారు. ‘ఈ దేశంలో అలాంటివి జరగవు’ అనేవాళ్ళందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. అప్పుడు మా బ్లాకులోనే ఉండే రొహానా ఆంటీ, మలయ్ ఆవిడ, ప్రతి ఇంటి తలుపూ కొట్టింది. ‘ఎవరో వచ్చి ఏదో చేస్తారని ఎందుకు కూర్చోవాలి? వంతులు వేసుకుందాం. ఆ దారిలో బెంచీ మీద కూర్చుని, రైలు దిగి వచ్చేవాళ్ళని ఇంటిదాకా దిగబెడదాం’ అంది. చీకట్లో మెరిసే పట్టీలతో నారింజరంగు కోట్లు తెప్పించింది. మన తెలుగువాళ్ళలో అందరికంటే ముందు పేరిచ్చిందెవరో తెలుసా? మీ అల్లుడుగారే! కోటు వేసుకుని ఫోటో దిగి మీకు పంపించారు కూడా. నాన్నగారు దాన్ని బ్యాంకుకి పట్టుకెళ్ళి అందరికీ చూపించారన్నావు.

ఆయన వంతు బుధవారం.

ఇప్పుడు నీ దగ్గర దాచింది చెబుతున్నాను. కంగారుపడకుండా చదువు, నాకిప్పుడు బాగానే ఉంది.

జూన్‌లో ఒక బుధవారం రైలు దిగి, అడ్డదారి మొదట్లో నిలబడి చూశాను. దూరంగా బెంచీ మీద నారింజరంగు కోటు మెరుస్తోంది. ఆయనున్నారు కదా అని పెద్ద రోడ్డు వదిలేసి అటే నడిచాను. ‘ఏమండీ, వచ్చేశాను!’ అని కేక కూడా వేశాను. కోటు కదల్లేదు. ఇంతలో వెనకనుంచి ఎవడో నా గొలుసు పట్టుకుని లాగాడు. నువ్వు పెళ్ళికి చేయించిన గొలుసు, గట్టిది కదా, తెగేదాకా నన్ను ఈడ్చాడు. బోర్లా పడ్డాను. లేచి చూసేసరికి వాడు లేడు. సూత్రాలు మాత్రం గడ్డిలో దొరికాయి, వాటినే ఇప్పుడు పసుపుతాడుకి కట్టుకున్నాను. బెంచీ దగ్గరికి వెళితే కోటుంది, అందులో మనిషి లేడు.

ఇక్కడ హోటళ్ళలో ఒక అలవాటుంది. వెళ్ళి భోజనం తెచ్చుకునేలోగా బల్ల ఎవరూ పట్టుకోకుండా దానిమీద గొడుగో, కాగితం రుమాళ్ళ ప్యాకెట్టో పెట్టి పోతారు. దాన్ని ‘చోప్’ చేయడం అంటారు. మన బాపట్ల బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టినట్టే. మీ అల్లుడుగారు తన వంతుని అలా చోప్ చేశారమ్మా! బెంచీకి కోటు తొడిగి, ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని క్రికెట్ చూస్తున్నారు.

మెడ మీద రక్తంతో, ఆ కోటు పట్టుకుని ఇంట్లోకి వచ్చాను. ‘అయ్యయ్యో! ఒక్క ఓవర్ చూసి దిగుదామనుకున్నానే! కోటు కనిపిస్తే చాలు, దొంగవెధవలు ఇటు రారనుకున్నా’ అన్నారు.

‘కోటు చూసి దొంగ ఆగలేదు. నేనొచ్చాను’ అన్నాను.

కీర్తిక ఏడుస్తూ, ‘డోంట్ స్కోల్డ్ డాడీ లా, అమ్మా. హీ ఫర్‌గెట్ ఓన్లీ’ అంది. తొమ్మిదేళ్ళ పిల్లకి అప్పుడే తండ్రిని వెనకేసుకురావడం వచ్చేసింది. దాన్నీ కసిరాను, తర్వాత ఏడ్చాను.

పోలీసులకి చెప్పాం. గొలుసు దొరకలేదు. పోతే పోయింది, నా కోపం దానికోసం కాదు. ఆ రాత్రి ఆయన నా చేతులు పట్టుకుని, ‘నేను లేనన్న సంగతి ఎవరితోనూ అనకే, నలుగురిలో తలెత్తుకోలేను’ అన్నారు. జాలిపడ్డాను. నీకు కూడా రాయలేదు. అదే అలుసైపోయింది. ఎక్కువ రోజులు గడవకుండానే ‘మా ఆవిడ బంగారం వేసుకుని చీకటిదారిన పడి వచ్చింది, చెబితే వినదు’ అని స్నేహితులతో అనడం మొదలుపెట్టారు. దొంగే ‘దొంగా, దొంగా’ అని అరిచినట్టు!

పోయిన నెల మన తెలుగువాళ్ళ మీటింగు జరిగింది. మా సంఘం పెద్ద కృష్ణమూర్తి అంకుల్ లేచి, ‘ఎంతమంది కాపలా కూర్చుంటే ఏం లాభమమ్మా? లేడీస్ ఏడింటికల్లా ఇంటికి చేరితే అసలు ప్రాబ్లెమే ఉండదు. అరుణశ్రీ విషయం చూశాం కదా’ అన్నారు. ఆయన పక్కనే మీ అల్లుడుగారు కూర్చుని తల ఊపారు. సిగ్గులేకుండా తల ఊపారమ్మా! మర్నాడే నన్ను ఉద్యోగం మానెయ్యమన్నారు. నేను కుదరదన్నాక నీకు ఫోన్ చేశారు.

నేను ఉద్యోగం మానను. ఆ బెంచీ కూడా వదలను. ఇప్పుడు బుధవారాలు ఆయన బదులు నేనే రొహానా ఆంటీతో కూర్చుంటున్నాను. నువ్వు వీధులు కాపలా కాయడమన్నది దాన్నే. ఆస్పత్రి నుంచి వచ్చే ఒక నర్సు నా చెయ్యి పట్టుకుని మరీ నడుస్తుంది. నేను ఇంటిపట్టున ఉంటే ఆ పిల్ల ఎవరితో నడవాలి?

ఎల్లుండి ఆదివారం మళ్ళీ మీటింగు. ఆ ఏడింటి మాటని అందరిచేతా ఒప్పిస్తారట. నేను లేచి ఆ రోజు ఏం జరిగిందో మొత్తం చెప్పబోతున్నాను. దొంగచాటుగా కాదు, ఆయనకి ముందే చెప్పాను. ‘చెప్పావంటే నీకూ నాకూ ఇక చెల్లు’ అన్నారు. మూడు రోజులై మాట్లాడటం లేదు. భయం లేదని అబద్ధం ఆడను. భయంగానే ఉంది. అయినా చెబుతాను.

ఈ ఉత్తరం కంటే ఆయన ఫోనే నీకు ముందు వస్తుంది. నలుగురిలో ఆయన పరువు తీశానని చెబుతారు. అవును, తీశాను. ఆ తర్వాత నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, పడతాను. కానీ ఆయనతో చెప్పి పంపకు, నాకే రాయి.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి
అరుణశ్రీ